పేరుంది, ఆసామీ ఏడీ?

హోసూరు నుంచి ఒక సోదరి పోయిన నెల సంఘానికి ఉత్తరం వ్రాశారు. వారి చిన్నబ్బాయి బెంగుళూరులో ‘కెర్నెలు’ పని చేస్తున్నాడట. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని, ‘లింకు కావడం లేదమ్మా, సింబలు దొరకడం లేదు’ అంటూ వుంటాడట. ఆ దొరకని వస్తువేమిటో ఈ శీర్షికలో ఇంటి తెలుగులో చెప్పమన్నారు. ఇటువంటి ప్రశ్న రావడం మాకు సంతోషమే. బిడ్డ చేసే పని ఇదీ అని తెలియక ‘ఏదో కంప్యూటరు ఉద్యోగం’ అని సరిపెట్టుకునే తల్లిదండ్రులు మనలో చాలామంది వున్నారు.

ముందు కెర్నెలు సంగతి. కంప్యూటరు గాని ఫోను గాని మీట నొక్కి మేల్కొలిపినప్పుడు, మామూలు ప్రోగ్రాములన్నిటికంటె ముందు లేచి, ఎవరికెంత మెమరీ, ఎవరి వంతు ఎప్పుడు, డిస్కుమీద ఏది ఎక్కడ అని పంపకాలు చేసే పెద్ద ప్రోగ్రాము పేరు కెర్నెలు. అందరికంటె ముందు లేచి కళ్ళాపి చల్లి పొయ్యి వెలిగించే ఇల్లాలివంటిది అనుకోండి. కెర్నెళ్ళు పలురకాలు వున్నవి. ఇక్కడ మేము లినక్సు కెర్నెలునే తీసుకుంటాము. హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్సు 1991లో మొదలుపెట్టినది అది. మూలపాఠం దాపరికం లేకుండా ఎవరైనా చదువుకోవచ్చును. ఆండ్రాయిడు ఫోను వున్న ప్రతి ఇంట్లోనూ లోపల పనిచేస్తున్నది ఈ లినక్సు కెర్నెలే కనుక, ఇది మనకు దూరపుకథ కూడా కాదు.

ఈ కెర్నెలు ఒకే గ్రంథంగా వుండదు. వేలకొద్దీ ఫైళ్ళుగా, వేలమంది చేతుల మీదుగా తయారవుతుంది. మనిషి వ్రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చేది కంపైలరు. అది ఒక్కొక్క ఫైలునూ విడివిడిగా మారుస్తుంది. ఒకదాన్ని మారుస్తున్నప్పుడు పక్క ఫైలులో ఏమున్నదో దానికి తెలియదు. మొదటి ఫైలులో ‘ఫలానా పని చేసే ముక్కను పిలు’ అని వుంటే, ఆ ముక్క ఎక్కడుందో తెలియదు కనుక, చిరునామా వుండవలసినచోట గడి ఖాళీగా వదిలి, ‘ఈ గడిలో ఫలానావారి చిరునామా వేయవలెను’ అని పక్కన గుర్తు పెట్టుకుంటుంది.

మాబోటి గుమాస్తాలకు ఇది కొత్తగాదు. పై ఆఫీసునుంచి వచ్చే కాగితంలో ‘తేదీ … గల ఉత్తరువు నంబరు … చూడుడు’ అని చుక్కలు పెట్టి పంపుతారు. ఆ చుక్కలు నింపేవాడొకడు వుండాలి. కంప్యూటరు పనిలో ఆ నింపేవాడే లింకరు.

కంపైలరు తయారుచేసిన ప్రతి ముక్కకూ ఒక చిన్న రిజిస్టరు అంటిపెట్టుకుని వుంటుంది. అందులో రెండు పద్దులు: నా దగ్గర వున్న పేర్లు ఇవి, నాకు కావలసిన పేర్లు ఇవి. ఈ పేర్లనే సింబళ్ళు అంటారు. లింకరు ముక్కలన్నీ వరుసగా పేర్చి, ఎవరు ఏ చిరునామాలో పడ్డారో లెక్కవేసి, ఒకరి ‘కావలెను’ పద్దుకు మరొకరి ‘వున్నది’ పద్దు జోడించి, ఖాళీగడులన్నీ నింపుతుంది. అంతే దాని పని. ఇందులో ఒక్కమాట గట్టిగా పట్టుకోవాలి: లింకరు పేరును చూస్తుంది, ఆసామీని చూడదు. పేరు అక్షరానికి అక్షరం కలిసిందా, సరి. ఆ పేరుగలవాడు మీరనుకున్న మనిషేనా, మీరు అప్పజెప్పే పని వాడికి చేతనవునా అన్న విచారణ దానికి లేదు. కెర్నెలు పనివారి తిప్పలలో సగం ఇక్కడ పుట్టినవే.

మామూలు ప్రోగ్రాములకు ఈ విషయంలో కొంత వెసులుబాటు వున్నది. అచ్చువేయడం, లెక్కలు కట్టడం వంటి అందరికీ కావలసిన పనులన్నీ లైబ్రరీలలో సిద్ధంగా వుంటాయి. లింకు చేసేటప్పుడు దొరకని పేరును, ప్రోగ్రాము నడవబోయే ముందు వేరొక ప్రోగ్రాము వచ్చి లైబ్రరీలో వెతికి తెచ్చిపెడుతుంది. కెర్నెలుకు ఆ దిక్కు లేదు. దానికంటె ముందు లేచి సాయపడేవారెవరు? అందుచేత అది మామూలు సీ భాష లైబ్రరీతో లింకు కాదు. తెరమీద అక్షరం వ్రాయడానికి ‘ప్రింట్‌ఎఫ్’ అని అందరూ వాడే పేరు వున్నది. కెర్నెలులో అది లేదు, తన సొంతం ‘ప్రింట్‌కె’ వున్నది. మెమరీలో ఒకచోటి సరుకు మరొకచోటికి నకలు చేసే ‘మెమ్‌సిపివై’ని సైతం తానే వండుకుంటుంది. బయట వ్రాసుకున్న ఒక్క పేరు లోపల లేకపోయినా లింకరు ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్సు’ అని పలికి ఆగిపోతుంది. పేరుంది, ఆసామీ లేడు అని దాని అర్థం. అబ్బాయి ‘దొరకడం లేదు’ అనేది దీనినే.

అయితే ‘వెతికి పెట్టుకోరాదా, అంత రాత్రిదాకా ఎందుకు’ అని అడగవచ్చును. కొన్నిసార్లు తాను వ్రాయని పేరు తన నెత్తిన పడుతుంది. దీనికొక ప్రసిద్ధమైన ఉదాహరణ చెప్తాము. 64 బిట్ల పెద్ద అంకెను మరొక పెద్ద అంకెతో భాగించాలి. వ్రాసేవాడు మామూలుగా మధ్యన ఒక అడ్డగీత గీస్తాడు, అయిపోయింది. 64 బిట్ల యంత్రంమీద అది చక్కగా కంపైలు అవుతుంది, లింకు అవుతుంది, నడుస్తుంది. అదే పాఠాన్ని ఎవరో 32 బిట్ల ఇంటెల్ రకపు యంత్రానికి తయారుచేయబోతారు. ఆ యంత్రానికి అంత పెద్ద అంకెలను ఒక్క దెబ్బలో భాగించే ఆజ్ఞ లేదు. అందుకని కంపైలరు చప్పుడు చేయకుండా ఆ అడ్డగీత స్థానంలో ఒక సహాయకుణ్ణి పిలుస్తుంది. వాడి పేరు రెండు అండర్‌స్కోరు గీతలు, ఆపైన ‘యు-డివ్-డి-ఐ-3’. ఆ పేరులోనూ అర్థం వున్నది: ‘యు’ అంటే ఋణచిహ్నం లేని అంకె, ‘డివ్’ అంటే భాగహారం, ‘డి-ఐ’ అంటే రెట్టింపు పొడవు అంకె, 3 అంటే భాజ్యం, భాజకం, ఫలం అని ముగ్గురు. ఈ సహాయకుడు కంపైలరు సొంత లైబ్రరీలో కాపురం వుంటాడు. మామూలు ప్రోగ్రాములకు ఆ లైబ్రరీ అడగకుండానే జతపడుతుంది కనుక వాడున్నాడని కూడా ఎవరికీ తెలియదు. కెర్నెలు దాన్ని జతచేసుకోదు. లింకరు నిలబడి ‘యు-డివ్-డి-ఐ-3 ఎక్కడ?’ అంటుంది. కుర్రవాడు తన పాఠమంతా తిరగేస్తాడు, ఆ పేరు ఎక్కడా కనిపించదు. కనిపించేది ఒక్క అడ్డగీత!

ఆ సహాయకుణ్ణి కెర్నెలులో చేర్చుకుంటే పోదా అంటే, చేర్చుకోవడం కష్టం కాదు, కావాలనే చేర్చుకోలేదు. ఆ భాగహారం 32 బిట్ల యంత్రంమీద బాగా ఖరీదైన పని. కెర్నెలులో క్షణానికి వేలసార్లు నడిచే దారిలో తెలియకుండా ఎవరైనా అది పెడితే యంత్రమంతా మందగిస్తుంది. కావలసినవారు ‘డివ్-యు-64’ వంటి కెర్నెలు సొంత ముక్కను పేరుపెట్టి పిలవాలి. అంటే ‘ఇక్కడ ఖర్చు చేస్తున్నాను, తెలిసే చేస్తున్నాను’ అని సంతకం పెట్టడమన్నమాట. లేనివాడి పేరు పలికి లింకరు ఆగిపోవడాన్నే కాపలాగా వాడుకున్న ఈ తెలివి మాకు బాగా నచ్చింది.

ఇక పేరొక్కటి, మనుషులిద్దరు అయితే? రెండు ఫైళ్ళు ఒకే పేరు ‘నా దగ్గర వున్నది’ అని చెబితే లింకరు ఒప్పుకోదు, ‘మల్టిపుల్ డెఫినిషన్’ అని ఆగుతుంది. వేలమంది వ్రాసే పాఠంలో ‘రీసెట్’ అనీ ‘ప్రోబ్’ అనీ ప్రతివాడూ పేరు పెడతాడు కదా అంటే, దానికి ‘స్టాటిక్’ అని ఒక మాట వున్నది. అది ముందు తగిలిస్తే ఆ పేరు ఆ ఫైలు గడప దాటదు. ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు లాంటిది. వీధికి పది బుజ్జిలున్నా ఎవరింటి బుజ్జి వారికి తెలుసు. గడప దాటవలసిన పేర్లకు ముందర శాఖ పేరు తగిలిస్తారు. ‘యుఎస్‌బి’ అనో ‘టిసిపి’ అనో ‘ఇఎక్స్‌టి4’ అనో మొదట వచ్చి, తరవాత అసలు పేరు వస్తుంది. అచ్చంగా మన ఇంటిపేరే. వ్యక్తిపేరుకంటె ముందు రావడంలో సైతం మన పద్ధతే. తమిళదేశంలో స్థిరపడిన మనవారిలో పలువురు ఇంటిపేరు వదలి తండ్రిపేరు పొడి అక్షరంతో సరిపెట్టుకోవడం, బడి రిజిస్టరులో ఇద్దరు ‘ఆర్. శ్రీనివాసన్‌’లు తగలడం చదువరులకు అనుభవమే. కెర్నెలువారు మాత్రం ఇంటిపేరు వదలలేదు.

ఆగిపోయే లింకరుతో భయం లేదు. ఆగవలసినచోట ఆగకుండా సర్దుకుపోయే లింకరుతోనే భయం. సీ భాషలో పాతకాలపు ఆనవాయితీ ఒకటి వుండేది. రెండు ఫైళ్ళలో ఒకే పేరుతో, తొలివిలువ ఏదీ ఇవ్వకుండా ఒక అంకెపెట్టెను పెట్టుకుంటే, ఇద్దరూ ఒకరినే అనుకుంటున్నారు కాబోలు అని లింకరు రెండు పెట్టెలనూ కలిపి ఒకటి చేసేది. ఫోర్ట్రాన్ భాషలో వుమ్మడి పెట్టెలు వుండేవి, ఆ ‘కామన్’ అన్నమాటే దీనికీ వచ్చింది. ఇప్పుడు ఆలోచించండి. ఒకాయన ‘కౌంట్’ అనే పెట్టెలో డిస్కులు ఎన్నో వ్రాసుకుంటాడు. ఇంకొకాయన మరొక ఫైలులో అదే పేరు పెట్టెలో వచ్చిన తప్పులు లెక్కవేసుకుంటాడు. ఇద్దరికీ పెట్టె ఒక్కటే అని ఇద్దరికీ తెలియదు. తప్పు ఒకటి వచ్చినప్పుడల్లా యంత్రానికి డిస్కు ఒకటి పెరుగుతుంది! కెర్నెలువారు ఈ ఆనవాయితీని చాలా ముందే తమ ఇంట నిషేధించారు. కంపైలర్లలో పేరుపడ్డ జీసీసీ 2020లో, తన 10వ ముద్రణతో, లోకమంతటికీ దాన్ని మామూలుగా మానిపించింది. అప్పటిదాకా నడిచిన ఎన్నో పాత ప్రోగ్రాములు ఒక్కసారిగా లింకు కావడం మానేశాయి. విసుక్కున్నవారు విసుక్కున్నారు గాని, వాటిలో కొన్ని అంతకుముందు సరిగా నడుస్తున్నాయని ఎవరు చెప్పారు?

చప్పుడు లేకుండా సర్దుకుపోయేది కెర్నెలులో ఇంకొకటి వున్నది, అది మాత్రం కావాలని పెట్టుకున్నదే. దాని పేరు ‘వీక్’ సింబలు. ‘ఈ పనికి వేరే ఎవరూ లేకపోతే నేనున్నాను’ అని తగ్గి చెప్పుకునే పేరది. కెర్నెలు పలురకాల యంత్రాలమీద నడవాలి గదా. అన్నిటికీ సరిపడే సాదా ముక్కను ‘వీక్’ అని గుర్తుపెట్టి వుంచుతారు. ఏదైనా యంత్రానికి ప్రత్యేకమైన పద్ధతి కావాలంటే ఆ యంత్రపు శాఖవారు అదే పేరుతో గట్టి ముక్కను వ్రాస్తారు. లింకరు గట్టివాణ్ణి పీటమీద కూర్చోబెట్టి, తగ్గినవాణ్ణి పక్కకు జరుపుతుంది. చక్కని ఏర్పాటే. కాని గట్టివాడి పేరులో ఒక్క అక్షరం తప్పు వ్రాస్తే? లింకరుకు ఫిర్యాదేమీ లేదు. తప్పుపేరువాడు ఎవరూ పిలవని చుట్టంలా మూల కూర్చుంటాడు, సాదావాడే పీటమీద వుండిపోతాడు. అంతా లింకు అవుతుంది, కెర్నెలు లేస్తుంది, ఆ యంత్రంమీద మాత్రం ఏదో పని సరిగా జరగదు. ఎందుకో తెలియడానికి వారాలు పట్టవచ్చును. ‘వీక్’ అని అడిగిన పేరు ఎక్కడా దొరకకపోయినా లింకరు ఆగదు. చిరునామా గడిలో సున్నా వేసి ముందుకు పోతుంది. పిలిచేముందు ‘సున్నా కాదుగదా’ అని చూసుకోవడం పిలిచేవాడి పూచీ.

చిరునామాలు ఎవరు పంచాలన్నదీ కెర్నెలులో ఆషామాషీ కాదు. మామూలు ప్రోగ్రాములకు లింకరు తనకు తోచిన చోటు ఇస్తుంది. కెర్నెలువారు ‘లింకరు స్క్రిప్టు’ అని ఒక పటం వ్రాసి చేతికిస్తారు. 64 బిట్ల ఇంటెల్ రకపు యంత్రాలలో కెర్నెలు పాఠం మొదలయ్యే చిరునామా, పదహారింటి లెక్కలో, ఎనిమిది ‘ఎఫ్‌’లు, తరవాత 81, తరవాత ఆరు సున్నాలు. ఆ పటంలోనే కొన్ని పేర్లు పుడతాయి. అవి ఎవరూ ఏ ఫైలులోనూ వ్రాయనివి: పాఠం ఇక్కడితో సరి, సరుకు ఇక్కడ మొదలు, మొత్తం ఇక్కడ ముగింపు అని చెప్పేవి. ఇవి ఇళ్ళు కావు, పొలిమేర రాళ్ళు. రాయి ఎక్కడున్నదో అడగాలి గాని, రాతి లోపల ఎవరున్నారని తలుపు కొడితే ఏమి లాభం? కొత్తగా చేరినవారు అలా తలుపు కొట్టి, లోపలినుంచి ఏదో అర్థంలేని అంకె వస్తే తెల్లబోతారు.

ఈ రాళ్ళ సాయంతో కెర్నెలు ఒక చిత్రమైన పని చేస్తుంది. లేచేటప్పుడు ఒక్కొక్క శాఖనూ మేల్కొలపాలి. వేలకొద్దీ శాఖల పేర్లన్నీ ఒకచోట వ్రాసిపెట్టడం ఎవరివల్ల అవుతుంది? అందుకని ప్రతి శాఖవారూ తమ ఫైలులోనే ‘నన్ను ఫలానా బంతిలో లేపండి’ అని ఒక చీటీ పెడతారు. లింకరు పటం ప్రకారం ఆ చీటీలన్నీ ఏరి, మొదటి బంతివి మొదట, చివరి బంతివి చివర, వరుసగా కూర్చోబెడుతుంది. కెర్నెలు మొదటి రాతినుంచి చివరి రాతిదాకా నడుస్తూ, పేరు అడగకుండా, ఒక్కొక్కరినీ లేపుకుంటూ పోతుంది. ఒకే బంతిలో ముందెవరు వెనకెవరన్నది ఫైళ్ళు లింకు చేసిన వరుసనుబట్టే వుంటుంది. ఫైళ్ళ వరుస మార్చితే ఎందుకు యంత్రం లేవడం లేదో తెలియక జుట్టు పీక్కున్నవారు వున్నారంటే ఇదే కారణం.

లేపడానికి మాత్రమే పనికివచ్చే ముక్కలకు ‘ఇనిట్’ అని గుర్తు పెట్టి అన్నిటినీ ఒకే ప్రదేశంలో చేరుస్తారు. పని అయ్యాక కెర్నెలు ఆ ప్రదేశం మొత్తాన్ని ఖాళీచేసి, ఆ మెమరీని ఇతరులకు ఇచ్చివేస్తుంది. పెళ్ళి అయిన మర్నాడు పందిరి విప్పి వాసాలు పంపేసినట్టే. ఇప్పుడు పందిరిలో పనిచేసిన ముక్కను, పందిరి విప్పిన తరవాత ఎవరైనా పిలిస్తే? లింకరు దృష్టిలో ఇందులో తప్పేమీ లేదు. పేరున్నది, చిరునామా వున్నది, గడి నిండింది. కాని ఆ చిరునామాలో అప్పటికి వేరెవరో చేరి వుంటారు. కెర్నెలు కుప్పకూలుతుంది, లేదా అంతకంటె ఘోరంగా, కూలకుండా తప్పుడు పని చేస్తుంది. లింకరు చూడని ఈ సంగతిని పట్టడానికి ‘మాడ్‌పోస్టు’ అనే వేరొక ప్రోగ్రాము వ్రాసుకున్నారు. అది గడి గడీ చూసి, నిలకడగా వుండవలసిన ముక్క పందిరి ముక్కను పిలుస్తుంటే ‘సెక్షన్ మిస్‌మ్యాచ్’ అని హెచ్చరిస్తుంది.

కెర్నెలు నడుస్తుండగా కొత్త పరికరం తగిలించితే దానికి కావలసిన ముక్క వచ్చి చేరుతుంది. దానిని మాడ్యూలు అంటారు. మాడ్యూలు సగం లింకయిన సరుకు. అందులో ఖాళీగడులు వుంటాయి. వాటిని నింపేది ఎవరు? కెర్నెలే. 2002లో రస్టీ రస్సెల్ ఆ పద్ధతి తెచ్చారు. అంతకుముందు బయటి ప్రోగ్రాము నింపి లోపలికి పంపేది. అంటే ఇప్పుడు కెర్నెలు కడుపులోనే ఒక చిన్న లింకరు వున్నది. అయితే కెర్నెలులో వున్న ప్రతి పేరూ మాడ్యూలుకు ఇవ్వరు. ‘ఎక్స్‌పోర్టు’ అని ప్రత్యేకం గుర్తుపెట్టిన పేర్లే ఇస్తారు. కొన్నిటిని, తమ పాఠాన్ని కూడా కెర్నెలులాగే అందరికీ తెరిచిపెడతామని ఒప్పుకున్న మాడ్యూళ్ళకే ఇస్తారు. దీనిమీద వాదాలు చాలా జరిగాయి. ఇచ్చిపుచ్చుకునే ఇంట్లో ఇవ్వనివాడికి గది తలుపు వేస్తే తప్పేమిటని మా అభిప్రాయం.

ఇక్కడ మళ్ళీ పాత చిక్కే. మాడ్యూలు ఒక కెర్నెలును చూసి తయారయింది. చేరబోయేది మరొక కెర్నెలులో. పేరు అదే, కాని నడుమ ఆ ముక్క తీసుకునే సరంజామా మారివుండవచ్చును. మూడు అంకెలు అడిగేవాడు నాలుగు అడుగుతూ వుండవచ్చును. పేరు ఒక్కటే చూసి కలిపితే నాశనమే. అందుకని ఎక్స్‌పోర్టు చేసిన ప్రతి పేరుకూ, ఆ ముక్క ఏమి తీసుకుంటుంది, ఏమి ఇస్తుంది, ఆ సరుకుల లోపలి అమరిక ఎట్లాంటిది అన్నదానినుంచి గుణించిన ఒక గుర్తు అంకెను జతచేసే ఏర్పాటు వున్నది. బ్యాంకులో పేరొక్కటే చాలదు, నమూనా సంతకంతో సరిచూస్తారు గదా. అంకె కలవకపోతే కెర్నెలు ఆ మాడ్యూలును చేర్చుకోదు. 2019లో 5.4వ కెర్నెలుతో ఇంకొక గడప పెట్టారు. కొన్ని పేర్లను ఒక గుంపుగా కట్టి, ‘ఈ గుంపును వాడుకుంటాను’ అని ముందుగా చెప్పిన మాడ్యూలుకే ఇస్తారు. పెన్‌డ్రైవుల పని చూసే శాఖ పేర్లను మొదట ఇట్లా కట్టారు.

ఇన్ని జాగ్రత్తలు పడినా కెర్నెలు కూలుతుంది. కూలినప్పుడు ఎక్కడ కూలిందో చెప్పాలి. యంత్రానికి తెలిసినది చిరునామా మాత్రమే. మనిషికి కావలసినది పేరు. అందుకని లింకరు కలిపిన పేర్ల పట్టికను కెర్నెలు లోపలే పెట్టి పంపుతారు. మామూలు కెర్నెలులో ఆ పట్టికలో లక్షకు పైగా పేర్లుంటాయి. ఇందులో ఒక చమత్కారం వున్నది. మన పత్రిక వేసేటప్పుడు విషయసూచిక కూర్పుచేయాలంటే ఏ వ్యాసం ఏ పేజీలో పడిందో తెలియాలి. పేజీలు తేలిన తరవాత సూచిక కూరిస్తే, అది ఒక పేజీ అనుకున్నది రెండు పేజీలయి, వెనకాలవన్నీ ఒక పేజీ జరుగుతాయి. సూచికలో అంకెలన్నీ మళ్ళీ దిద్దాలి. కెర్నెలుకూ అదే గతి. చిరునామాలు తెలిస్తేనే పట్టిక తయారవుతుంది. పట్టిక లోపల పెడితే దాని వెనుకనున్న చిరునామాలు జరుగుతాయి. అందుచేత కెర్నెలును ఒకసారి లింకు చేసి, పట్టిక కట్టి, దాన్ని పెట్టి మళ్ళీ లింకు చేసి, అంకెలు నిలకడకు వచ్చేదాకా రెండు మూడు సార్లు తిప్పుతారు. అప్పటికీ పట్టికకూ కెర్నెలుకూ పొసగకపోతే లెక్క కలవలేదని చెప్పి పని ఆపేస్తారు. అబ్బాయి కంప్యూటరు అదే పని పదే పదే చేస్తున్నట్టు కనిపిస్తే, అది మొరాయించడం కాదు, సూచిక దిద్దుకోవడం.

ఈ పట్టిక వుండబట్టే, కూలినప్పుడు తెరమీద పేరు, కూడిక గుర్తు, ఒక అంకె, అడ్డగీత, మరొక అంకె అని పడుతుంది. ఫలానా ముక్కలో మొదటినుంచి ఇంత దూరంలో పడ్డాము, ఆ ముక్క మొత్తం పొడవు ఇంత అని దాని అర్థం. ముద్దుపేర్లు కూడా ఈ పట్టికకు ఎక్కుతాయి కనుక ఒకే పేరు పలుమార్లు కనిపించడమూ కద్దు. నడుస్తున్న కెర్నెలును ఆపకుండా అతుకువేసేవారు ‘ఈ పేరుగలవారిలో మూడవవాడు’ అని వరుసనంబరు చెప్పుకోవలసి వస్తుంది.

కాని చిరునామాలు అందరికీ తెలియడం క్షేమం కాదు. ఏ గదిలో ఏమున్నదో తెలిసిన దొంగకు పని సులువు. అందుకని 2014లో 3.14వ కెర్నెలునుంచి, ఇంటెల్ రకపు యంత్రాలలో, లేచిన ప్రతిసారీ కెర్నెలు మొత్తాన్ని కొంత దూరం జరిపి కూర్చోబెట్టే పద్ధతి వచ్చింది. ఎంత దూరమన్నది లేచినప్పుడల్లా మారుతుంది. ఇందుకోసం ఎక్కడెక్కడ చిరునామాలు నింపిందో ఆ గడుల జాబితా కూడా లింకరుచేత వ్రాయించి కెర్నెలుతోపాటు పంపుతారు; జరిగిన దూరాన్ని ఆ గడులన్నిటిలో కలుపుకుని గాని కెర్నెలు పని మొదలుపెట్టదు. ఒకప్పుడు ఏ పేరు అడిగినా చిరునామా చెప్పే ముక్క మాడ్యూళ్ళకు అందుబాటులో వుండేది. ఎక్స్‌పోర్టు గుర్తులేని పేర్లను ఆ దొడ్డిదారిన పట్టుకునేవారు. 2020లో 5.7వ కెర్నెలుతో దాన్నీ మూసివేశారు.

లినక్సు యంత్రం ఇంట్లో వున్నవారు ఈ పట్టికను స్వయంగా చూడవచ్చును. ‘ప్రొక్’ అనే డైరెక్టరీలో ‘కాల్‌సిమ్స్’ అనే ఫైలు వుంటుంది. తెరిస్తే వరుసకు ఒక చిరునామా, ఒక అక్షరం, ఒక పేరు. అక్షరం ‘టి’ అయితే అది పాఠపు ముక్క, ‘డి’ అయితే సరుకు, ‘డబ్ల్యు’ అయితే తగ్గి చెప్పుకునేవాడు. చిన్నబడి అక్షరమైతే చాలామటుకు గడప దాటని ముద్దుపేరు. యంత్రపు యజమానిగా చూస్తే చిరునామాలు కనిపిస్తాయి. మామూలు మనిషిగా తెరిస్తే పేర్లన్నీ వుంటాయి, చిరునామాల గడులలో మాత్రం వరుసగా సున్నాలే.